పనివాళ్లు దొరకడం లేదా, ఆ కూలికి దొరకడం లేదా?

2020 మే 1 తెల్లవారుజామున లింగంపల్లి స్టేషన్ నుంచి ఒక రైలు కదిలింది. లాక్‌డౌన్ మొదలయ్యాక వలస కూలీలను సొంత రాష్ట్రాలకు చేర్చడానికి దేశంలో బయల్దేరిన మొదటి శ్రామిక్ రైలు అదే. సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ క్యాంపస్ కడుతున్న దాదాపు 1,200 మంది అందులో ఝార్ఖండ్‌లోని హటియాకు వెళ్లిపోయారు. వారం తిరిగేసరికి, మే 8న, అదే లింగంపల్లికి బీహార్‌లోని ఖగడియా నుంచి ఇంకో రైలొచ్చింది. అందులోంచి రెండు వందల మందికి పైగా రైస్ మిల్లు హమాలీలు దిగారు. అప్పటికి యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రాల్లో గుట్టలు పడి ఉన్నాయి, మిల్లుల దగ్గర లారీలు దించే మనిషి లేడు. దేశమంతా కూలీలు ఊళ్లకు నడిచిపోతున్న రోజుల్లో ఒక ప్రభుత్వమే పూనుకుని కూలీలను వెనక్కి పిలిపించుకుంది.

హమాలీ పనిని మామూలుగా నైపుణ్యం లేని పనుల్లో లెక్కేస్తారు. చదువుకుని ఖాళీగా ఉన్న యువకులు ఊరికి పదిమంది దొరికే రాష్ట్రంలో, నైపుణ్యం అక్కర్లేదన్న పనికి పదిహేను వందల కిలోమీటర్ల అవతలి నుంచి మనుషులను తెచ్చుకోవలసి వచ్చింది. యాభై కిలోల బస్తాను వీపుమీదికి తీసుకుని, పలక మీద నడిచి, వరస ఒరగకుండా కప్పు దాకా పేర్చడం ఎన్నాళ్ల అలవాటు ఉంటే వస్తుందో మిల్లు యజమానిని అడిగితే చెబుతాడు. కాబట్టి ‘స్కిల్డ్ వర్కర్ల కొరత’ అనే మాట విన్నప్పుడు ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఏది నైపుణ్యమని ఎవరు నిర్ణయిస్తున్నారు? కొరత అంటున్నది ఎవరు?

అంటున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఇల్లు కట్టుకుంటున్నవాడు మంచి టైల్స్ మేస్త్రీ దొరకడం లేదంటాడు. జీడిమెట్లలో చిన్న ఫ్యాక్టరీ నడిపేవాడు కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్‌కు ఆపరేటర్ దొరకడం లేదంటాడు. మాదాపూర్‌లో హెచ్‌ఆర్ మేనేజర్, వంద మందిని ఇంటర్వ్యూ చేస్తే ఐదుగురు పనికొచ్చారంటాడు. మ్యాన్‌పవర్ గ్రూప్ 2025 సర్వేలో భారత్‌లోని యజమానుల్లో 80% మంది తమకు కావలసిన నైపుణ్యం ఉన్నవాళ్లు దొరకడం లేదని చెప్పారు. అయితే ఆ సర్వే చేసేది కంపెనీలకు మనుషులను సరఫరా చేసే వ్యాపార సంస్థ. గొడుగులు అమ్మేవాడు చెప్పే వాన కబురు అబద్ధం కాకపోవచ్చు గానీ, ఇంకో నలుగురిని అడిగి చూడటం మంచిది.

అడగడానికే మనకు సరైన చోటు లేదు. అమెరికాలో ప్రతి నెలా ఎన్ని ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయో ప్రభుత్వమే లెక్కకట్టి ప్రకటిస్తుంది. ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలకు తెలపాలని మన దగ్గర 1959లోనే చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని గుర్తుపెట్టుకుని ఖాళీ తెలిపిన ప్రైవేటు యజమాని ఎక్కడైనా ఉంటే సన్మానం చేయొచ్చు. నిరుద్యోగం లెక్క ఒక సర్వేలో ఉంటుంది, కొరత మాట ఇంకో సమావేశంలో వినిపిస్తుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు తక్కువ. పెడితే ఇలా ఉంటుంది: అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఇన్‌స్టిట్యూట్ ఫర్ హ్యూమన్ డెవలప్‌మెంట్ కలిసి 2024లో తెచ్చిన నివేదిక ప్రకారం 2022లో పట్టభద్రులైన యువతలో నిరుద్యోగం 29.1%. చదవడం రాయడం రాని యువతలో 3.4%. ఎంత చదివితే అంత ఖాళీ!

ధర ఏం చెబుతోంది?

కొరత ఉందో లేదో తెలుసుకోవడానికి మార్కెట్‌లో ఒక పాత పద్ధతి ఉంది. 2023 జూలైలో టమాటా కొరత వచ్చింది. ఎవరూ సర్వే చేయనక్కర్లేకపోయింది. మదనపల్లె మార్కెట్ ధరే చెప్పేసింది, కిలో నూటయాభై దాటిపోయింది. మరి వెల్డర్ల కొరత, ఫిట్టర్ల కొరత, ప్రోగ్రామర్ల కొరత నిజంగానే అంత ఉంటే వాళ్ల జీతాలు కూడా అలా ఎగబాకాలి కదా?

ఎగబాకడం లేదు. 2024-25 ఆర్థిక సర్వే ఈ సంగతిని మొహమాటం లేకుండా రాసింది. 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3% పెరిగాయి, ఉద్యోగాలు 1.5% పెరిగాయి. సిబ్బంది మీద పెట్టే ఖర్చు పెరుగుదల అంతకు ముందు ఏడాది 17% ఉన్నది 13%కి తగ్గింది. ప్రభుత్వ ఆర్థిక సలహాదారే, లాభాలు ఇంతగా ఉన్నప్పుడు జీతాలు ఎందుకు వెనకబడ్డాయని కంపెనీలను అడిగే పరిస్థితి వచ్చింది. హైదరాబాద్‌కు బాగా తెలిసిన ఉదాహరణ ఐటీ ఫ్రెషర్ ప్యాకేజీ. పెద్ద సర్వీసు కంపెనీలు క్యాంపస్‌లో ఇచ్చేది ఏడాదికి మూడు నుంచి మూడున్నర లక్షల దగ్గర దశాబ్దానికి పైగా కదలకుండా కూర్చుంది. ఈలోగా గచ్చిబౌలిలో హాస్టల్ అద్దె, కర్రీ పాయింట్‌లో కూర ధర ఎంత పెరిగాయో అక్కడ బతికేవాళ్లకు తెలుసు. కొత్తగా వచ్చేవాళ్ల విషయంలో కొరత లేదు, రద్దీ ఉంది. కొరత ఉన్నది ఐదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు. ఆ ఐదేళ్ల అనుభవం ఎవరు ఇవ్వాలి అన్న దగ్గర అందరూ పక్కవాడి వైపు చూస్తారు.

కూలి ధరలోనూ ఇదే కనిపిస్తుంది, కాకపోతే ప్రాంతానికో తీరుగా. రిజర్వు బ్యాంకు లెక్కల ప్రకారం 2022-23లో పల్లెల్లో భవన నిర్మాణ కార్మికుడి సగటు రోజు కూలి కేరళలో 852 రూపాయలు, మధ్యప్రదేశ్‌లో 279, దేశ సగటు 393. కేరళలో పనికి మనుషులు దొరకరని అందరూ అనుకుంటారు. కానీ అక్కడికి బెంగాల్, అస్సాం, ఒడిశా నుంచి జనం రైళ్లు నింపుకుని వెళుతూనే ఉన్నారు. కూలి ఎక్కడుంటే అక్కడికి పనివాడు వెళతాడు. శ్రీకాకుళం నుంచి మేస్త్రీలు దేశమంతా వెళ్లడానికైనా, ‘పాలమూరు లేబర్’ అన్న పేరు దేశంలోని డ్యాముల మట్టికట్టల దగ్గర వినిపించడానికైనా కారణం ఇదే. ఇప్పుడు ఆ పాలమూరు పొలాల్లో, కరీంనగర్ మడుల్లో నాట్లు వేయడానికి బీహార్, బెంగాల్ నుంచి మగవాళ్ల బృందాలు దిగుతున్నాయి.

చిల్లుకుండ లెక్క

2025 ఫిబ్రవరిలో చెన్నైలో జరిగిన ఒక పరిశ్రమల సదస్సులో ఎల్ అండ్ టీ చైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ మాట్లాడుతూ, కూలీలు పని కోసం ఊరు దాటడానికి ఇష్టపడటం లేదని, సంక్షేమ పథకాలు కూడా ఒక కారణమని అన్నారు. మీడియా ఆ మాటనే పట్టుకుంది. పథకాల మీద రెండు రోజులు టీవీ చర్చలు నడిచాయి. అదే ప్రసంగంలో ఆయన చెప్పిన ఇంకో లెక్క మీద పెద్దగా ఎవరూ దృష్టి పెట్టలేదు. తమకు ఎప్పుడూ 4 లక్షల మంది కూలీలు అవసరమని, ఏడాదిలో వాళ్లు మూడు నాలుగు సార్లు మారిపోతుంటారని ఆయన చెప్పారు.

ఆగి గుణించండి. 4 లక్షల మందిని నిలబెట్టుకోవడానికి ఏటా పన్నెండు నుంచి పదహారు లక్షల మందిని పనిలోకి తీసుకోవాలి. అంటే ఒక మనిషి సైట్‌లో సగటున మూడు నాలుగు నెలలకు మించి ఉండటం లేదు. ఇది ఒక్క కంపెనీ కథ కాదు, నిర్మాణ రంగమంతా ఇంతే. రేకుల షెడ్డులో పదిమంది, వంటకు కట్టెలు, పండక్కి ఊరెళితే మళ్లీ వచ్చేదాకా కూలి లేదు, జారి పడితే ఎవరు చూస్తారో తెలియదు. ఇలాంటి చోట మనిషి నిలవకపోతే దాన్ని మనుషుల కొరత అనడం, చిల్లుకుండలో నీళ్లు పోస్తూ చెరువు ఎండిపోయిందనడమే. పైగా మూడు నెలలకో మనిషి మారే చోట ఎవరూ ఎవరికీ పని నేర్పరు. సెంట్రింగ్ పనిలో హెల్పర్‌గా చేరినవాడు మేకు కొట్టడం నేర్చుకునేలోపు ఇంకో ఊళ్లో ఉంటాడు.

పథకాల వాదనకు ఒక చిన్న జవాబు ఉంది. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఆ చట్టంలో వంద రోజులని ఉన్నా దేశ సగటున ఒక కుటుంబానికి దొరికింది యాభై రోజుల దగ్గరే ఆగింది. ఆ మొత్తంతో ఏడాది గడిపేసి కూర్చునే తాపీ మేస్త్రీ ఎవరూ ఉండరు. రేషన్ బియ్యం, ఉపాధి హామీ చేసింది వేరు. మరీ తక్కువ కూలికి, మరీ అన్యాయమైన షరతులకు ‘వద్దు’ అనగలిగే కాస్త ధైర్యం ఇచ్చాయి. అడిగిన ధరకు ఎప్పుడైనా దొరికే కూలీకి అలవాటు పడ్డవాళ్లకు ఆ ‘వద్దు’ కొరతలాగే వినిపిస్తుంది.

ఇజ్రాయెల్ ఎంపికల్లో బయటపడ్డది

ఇంతవరకు చదివితే, జీతం పెంచితే చాలు, కొరత దానంతటదే పోతుందనిపిస్తుంది. అంత సులువు కాదని తెలిసింది 2024లో. పాలస్తీనా కార్మికులను ఆపేసిన ఇజ్రాయెల్, భారత్ నుంచి భవన నిర్మాణ కార్మికులను తీసుకోవడం మొదలుపెట్టింది. అడిగిన పనులు నాలుగు: సెంట్రింగ్, రాడ్ బెండింగ్, ప్లాస్టరింగ్, టైల్స్. జీతం నెలకు దాదాపు లక్షా 37 వేల రూపాయలు. యుద్ధం జరుగుతున్న దేశం. అయినా రోహ్‌తక్‌లో, లక్నోలో వేలమంది వరసలో నిలబడ్డారు. హైదరాబాద్‌లోనూ ఎంపికలు జరిగాయి. దేశంలో దొరకడం లేదని బిల్డర్లు గోలపెట్టే నాలుగు పనుల కోసమే ఆ వరసలు.

ఐతే ఆ వరసల్లో డిగ్రీ చదివినవాళ్లు, ఎన్నడూ తాపీ పట్టనివాళ్లు కూడా ఉన్నారు. అక్కడికి వెళ్లినవాళ్లలో కొందరికి పని సరిగా రాదని అక్కడి సంస్థలు ఫిర్యాదు చేశాయి, కొందరిని వేరే పనులకు మార్చారు. జీతం వల్ల మనుషులు వస్తారు, పని నేర్పు మాత్రం ఏళ్ల మీద వస్తుంది.

వెల్డింగ్‌నే చూడండి. గేటుకి, గ్రిల్‌కి అతుకు వేసేవాడు ప్రతి వీధిలోనూ ఉంటాడు. బాయిలర్ పైపుకి వేసే అతుకు వేరు. పైపును నలభై ఐదు డిగ్రీల వాలులో బిగించి, కదపకుండా, వెల్డర్ తానే చుట్టూ తిరుగుతూ పైనుంచి, కిందనుంచి, పక్కనుంచి అతుకు పూర్తి చేయాలి. 6జీ అంటారు ఆ పరీక్షను. తరవాత అతుక్కి ఎక్స్‌రే తీస్తారు. లోపల హద్దుకు మించి గాలిబుడగలు కనిపిస్తే కోసేసి మళ్లీ వేయాల్సిందే. ఆ స్థాయికి చేరడానికి ఎలక్ట్రోడ్‌లు కట్టలకొద్దీ కాల్చాలి, పక్కన తప్పు చూపించే చేయి తిరిగినవాడు ఉండాలి. 6జీ వెల్డర్ల కొరత నిజమైన కొరత. సముద్రంలో ఆయిల్ ప్లాట్‌ఫారాల మీద, గల్ఫ్ రిఫైనరీల్లో ఇలాంటివాళ్లకు డిమాండ్ ఎక్కువ కాబట్టి నేర్చుకున్నవాడు ఇక్కడ ఆగడు. ఐదు యాక్సిస్‌ల మెషీన్ మీద విమానం విడిభాగాన్ని మైక్రాన్లలో కోసే ప్రోగ్రామర్ సంగతీ అంతే. ఇలాంటి పనుల్లో ఈరోజు జీతం రెట్టింపు చేసినా రేపటికి మనుషులు తయారు కారు. పదేళ్ల కిందట ఎవరో తయారు చేయడం మొదలుపెట్టి ఉండాలి.

నేర్పిన చోట్లు మూతపడ్డాయి

అలా మొదలుపెట్టినవాళ్లు ఒకప్పుడు హైదరాబాద్‌లో ఉన్నారు. 1960లలో బాలానగర్, రామచంద్రాపురం, కుషాయిగూడ వైపు వచ్చిన ప్రభుత్వ కర్మాగారాలు పని ఎంత చేశాయో, మనుషులను అంతకన్నా ఎక్కువ తయారు చేశాయి. బీహెచ్‌ఈఎల్, హెచ్‌ఎంటీ, హెచ్‌ఏఎల్, ఈసీఐఎల్, ఐడీపీఎల్, వీటికి ముందునుంచే ఉన్న ప్రాగా టూల్స్, ఆల్విన్. వీటిలో అప్రెంటిస్‌గా చేరిన కుర్రాడికి మొదటి పాఠం ఆకురాయి పట్టడం. ఇనుప దిమ్మెను నాలుగు వైపులా సమంగా రుద్ది, లంబకోణం సరిగ్గా వచ్చేదాకా రోజుల తరబడి నిలబడాలి. విసుగొచ్చే పనే, కానీ ఫిట్టర్ చేతికి కొలత తెలిసేది అక్కడే. 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చింది. చుట్టుపక్కల లేత్ మెషీన్ల షెడ్లు వందలకొద్దీ పుట్టుకొచ్చాయంటే దానికి కారణం ఈ కర్మాగారాలు ఇచ్చిన జాబ్ వర్క్, అక్కడ నేర్చుకుని బయటికొచ్చిన మనుషులు.

మందుల పరిశ్రమ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కల్లం అంజిరెడ్డి అంతకు ముందు పనిచేసింది ప్రభుత్వ మందుల కర్మాగారం ఐడీపీఎల్‌లో. అక్కడ రియాక్టర్ నడపడం, రసాయనాన్ని పెద్దమొత్తంలో తయారు చేయడం నేర్చుకున్నవాళ్లే బయటికొచ్చి జీడిమెట్ల, బొల్లారం యూనిట్లను నిలబెట్టారు. ఐడీపీఎల్ నష్టాల్లో మునిగి ఆగిపోయింది, అది బాలెన్స్ షీట్ చెప్పే మాట. అది నేర్పిన పని విలువ ఏ బాలెన్స్ షీట్‌లోనూ కనపడదు. ఆ కర్మాగారాలు ఒక్కొక్కటే మూతపడటమో కుదించుకుపోవడమో జరిగినప్పుడు పోయింది ఉద్యోగాలే అనుకున్నారు. ఊరి మొత్తానికి పని నేర్పే బడి పోయిందన్నది ఇరవై ఏళ్ల తరవాత గానీ తెలిసిరాలేదు.

ప్రైవేటు కంపెనీ ఆ బడి ఎందుకు నడపదు? చిన్న ఫ్యాక్టరీ యజమాని సమాధానం సూటిగా ఉంటుంది: రెండేళ్లు జీతమిచ్చి నేర్పిస్తాను, చేయి తిరగగానే పక్క షెడ్డువాడు రెండు వేలు ఎక్కువిచ్చి ఎత్తుకుపోతాడు. అతని భయంలో తప్పులేదు. అందరూ ఇలాగే అనుకోవడం వల్ల ఎవరూ నేర్పరు, అందరూ నేర్చుకున్నవాడి కోసమే వెతుకుతారు. జర్మనీ ఈ చిక్కుముడిని విప్పిన పద్ధతి వేరు. అక్కడ ప్రతి వ్యాపార సంస్థా తమ ప్రాంతపు వాణిజ్య మండలిలో చట్టప్రకారం సభ్యురాలు కావాలి. అప్రెంటిస్ వారంలో కొన్ని రోజులు ఫ్యాక్టరీలో, కొన్ని రోజులు బడిలో ఉంటాడు, చివరి పరీక్ష మండలి పెడుతుంది. ఆ ఖర్చులో ఎంతో కొంత భారం నేర్పనివాడి మీదా పడుతుంది. అంత చేసినా జనాభా ముసలిదై జర్మనీకీ కొరత తప్పలేదు. 2024 అక్టోబర్‌లో భారతీయ నిపుణులకిచ్చే వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పించి పంపుతోంది.

మన దగ్గరా చట్టం లేకపోలేదు. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం ఉంది. 30 మంది, ఆపైన పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15% దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలన్నది నియమం. ఆచరణలో చాలాచోట్ల అప్రెంటిస్ అంటే తక్కువ జీతపు హెల్పరే. ఇంకోవైపు కాంట్రాక్టు పద్ధతి పెరిగిపోయింది. వార్షిక పరిశ్రమల సర్వే ప్రకారం 2022-23లో నమోదైన ఫ్యాక్టరీల కార్మికుల్లో 40.7% మంది కాంట్రాక్టు మీదున్నవాళ్లు. కాంట్రాక్టర్ కింద పదకొండు నెలలకు వచ్చిన మనిషికి ఫ్యాక్టరీ ఏమీ నేర్పదు, నేర్చుకోవాలన్న ఆశ ఆ మనిషికీ ఉండదు. ఆ ఫ్యాక్టరీల తరఫు ప్రతినిధులే మర్నాడు సదస్సులో నైపుణ్యాల కొరత గురించి మాట్లాడతారు.

సర్టిఫికెట్ల కాలం

ఆ ఖాళీని ప్రభుత్వం శిక్షణ పథకాలతో పూడ్చాలనుకుంది. 2009 జాతీయ నైపుణ్య విధానం 2022 నాటికి 50 కోట్ల మందికి శిక్షణ అని లక్ష్యం పెట్టుకుంది. అంత పెద్ద అంకె రాసినప్పుడే అనుమానం రావలసింది. 2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వచ్చింది. కొన్ని వారాలు, కొన్ని నెలల కోర్సులు, చివర సర్టిఫికెట్. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక చూస్తే, శిక్షణ పొందినట్టు రాసిన వాళ్లలో నూటికి 94 మందికి పైగా బ్యాంకు ఖాతా వివరాల గడి ఖాళీగానో, సున్నాలతోనో నిండి ఉంది. మూడు నెలల్లో ఎలక్ట్రీషియన్ తయారవుతాడని నమ్మిన పథకానికి, అసలు మనిషి ఉన్నాడో లేడో చూసుకునే ఓపిక ఎక్కడిది?

ఐటీఐల సంగతి కొంత మెరుగు, కనీసం అక్కడ ఏడాదో రెండేళ్లో చదువు ఉంటుంది. దేశంలో పద్నాలుగు వేలకు పైగా ఐటీఐలున్నాయి, ఎక్కువభాగం ప్రైవేటువి. నీతి ఆయోగ్ 2023లో లెక్క చూస్తే 25 లక్షల సీట్లలో సగానికి పైగా ఖాళీగా ఉన్నాయి. బోధకుల పోస్టులు పెద్దసంఖ్యలో నిండలేదు. పాత లేత్ మెషీన్ ముందు నిలబడి పాత సిలబస్ చదివి, ఫ్యాక్టరీకెళ్లి సీఎన్‌సీ ప్యానెల్ చూసి బిత్తరపోయే పిల్లల తప్పేమీ లేదు.

ఇక్కడ ఒక అంకె గురించి చెప్పుకోవాలి. భారత శ్రామికుల్లో 4.69% మందికే పద్ధతి ప్రకారం శిక్షణ ఉందని, జర్మనీలో 75%, దక్షిణ కొరియాలో 96% అని 2015 జాతీయ నైపుణ్య విధాన పత్రంలో రాశారు. అప్పటినుంచి ఆ అంకెను ప్రతి ఉపన్యాసంలోనూ అప్పగిస్తున్నారు. నాన్న పక్కన నిలబడి తాపీ పట్టడం నేర్చుకున్నవాడు, గ్యారేజీలో ‘ఛోటూ’గా చేరి ఇంజన్ మొత్తం విప్పి బిగించగలిగినవాడు, అమ్మ దగ్గర మగ్గం నేర్చుకున్న అమ్మాయి ఆ 4.69లో లేరు. వాళ్ల చేతిలో పని ఉంది, కాగితం లేదు. కాగితం ఉన్న చాలామంది చేతిలో పని లేదు. ఈ ఇద్దరినీ ఒకే లెక్కలో కలిపి మన దేశానికి నైపుణ్యం లేదని తీర్మానించడం, ఆ పనిమంతులకు జరుగుతున్న చిన్న అవమానం.

ఆ మేస్త్రీ కొడుకు ఇప్పుడు ఎక్కడున్నాడు? బీటెక్‌లో. 2008 తరవాత ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటాయి. తరతరాలుగా చదువుకు దూరమైన ఇళ్ల పిల్లలు కాలేజీ గడప తొక్కారు. అది మామూలు మార్పు కాదు, దాన్ని తప్పు పట్టేవాళ్లు తమ పిల్లల్ని ఏ ఐటీఐలో చేర్చారో ముందు చెప్పాలి. కానీ సీట్లన్నీ ఒకే వైపు ఒరిగిపోయాయి. తెలంగాణలో ఇప్పుడు బీటెక్ సీట్లలో మూడింట రెండొంతులకు మించి కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ బ్రాంచీలవే. మెకానికల్, సివిల్ సెక్షన్లను కాలేజీలే మూసేసుకుంటున్నాయి.

ఇందులో డబ్బుతో పాటు మర్యాద లెక్క కూడా ఉంది. నెలకు ముప్పై వేలు సంపాదించే ప్లంబర్‌కి, పదిహేను వేలకు కాల్ సెంటర్‌లో కూర్చునే కుర్రాడికి ఒకేసారి సంబంధాలు చూడటం మొదలుపెడితే, ఎవరికి ముందు కుదురుతుందో చెప్పనక్కర్లేదు. చేతిపనిని కులంతో ముడిపెట్టి చూసిన సమాజం ఇది. ఆ పని చేసినన్నాళ్లు ‘వాడు వడ్రంగి’, ‘వాడు కమ్మరి’ అని పిలిపించుకున్నవాళ్లు, పిల్లలకు ఆ పిలుపు తప్పించాలని అప్పుచేసి చదివించారు. 2023 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 చేతివృత్తులకు శిక్షణ, 15 వేల రూపాయల పనిముట్లు, 5% వడ్డీకి 3 లక్షల దాకా అప్పు ఇస్తోంది. పాత మేస్త్రీకి అది ఉపయోగమే. అతని కొడుకు తాపీ పట్టడానికి మాత్రం అది చాలదు.

ఒకవేళ పిల్లలు నేర్చుకోవడానికి సిద్ధపడినా అక్కడా లెక్క కుదరడం లేదు. 2024 చివర్లో మొదలైన పీఎం ఇంటర్న్‌షిప్ పథకంలో మొదటి విడత సుమారు 82 వేల మందికి ఆఫర్లు వెళ్లాయి. నెలకు 5 వేల రూపాయలు, దేశంలోని పెద్ద కంపెనీల పేర్లు. చేరినవాళ్లు దాదాపు 8,700 మంది. ఊరు వదిలి, ఇంకో పట్నంలో గది అద్దెకు తీసుకుని, ఏడాదిపాటు 5 వేలతో బతకమంటే ఇంట్లో డబ్బున్నవాడే చేరగలడు. డబ్బున్నవాడికి ఆ అవసరం ఉండదు.

ప్రస్తుతం రెండు రాష్ట్రాల్లోనూ కదలిక ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూన్‌లో ముఖ్యమంత్రి తొలి సంతకాలు చేసిన ఐదు ఫైళ్లలో నైపుణ్య గణన ఒకటి, మంగళగిరిలో ప్రయోగాత్మకంగా మొదలైంది. ఎవరి చేతిలో ఏ పని ఉందో ఇంటింటికీ వెళ్లి అడగాలన్న ఆలోచన మంచిదే. అడిగేవాళ్లు డిగ్రీ పేరు రాసుకుని ఊరుకోకుండా, ‘ఏం చేయగలవు’ అన్న ప్రశ్న దగ్గర ఆగగలిగితే. తెలంగాణలో 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను 2,324 కోట్ల రూపాయలతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని అది. రోబోలు, సీఎన్‌సీ మెషీన్లు, విద్యుత్ వాహనాల కోర్సులు వస్తున్నాయి. కేంద్రం కూడా వెయ్యి ఐటీఐల ఆధునికీకరణకు 60 వేల కోట్ల రూపాయల పథకం పెట్టింది.

అక్కడ కోర్సు పూర్తిచేసిన కుర్రాడు బాలానగర్‌లో ఒక షెడ్డు గేటు దగ్గరికి వెళతాడు. మెషీన్ నడపడం వచ్చా అని యజమాని అడుగుతాడు, వచ్చంటాడు. నడిపి చూపిస్తాడు కూడా. మొదటి నెల జీతం ఎంత అని కుర్రాడు అడిగితే, ముందు ఆరు నెలలు హెల్పర్‌గా పన్నెండు వేలు, తరవాత చూద్దామంటాడు యజమాని. కుర్రాడు సరే చెబుతానని బయటికొచ్చి, బైక్ మీద కూర్చుని ఫోన్‌లో డెలివరీ యాప్ తెరుస్తాడు. ఆ సాయంత్రం యజమానికి ఏదో సంఘం నుంచి సర్వే ఫారం వస్తుంది. ‘నైపుణ్యం ఉన్నవాళ్లు దొరకడం లేదు’ అన్న గడిలో అతను టిక్ పెడతాడు.